ఖోసా భాషకు సంస్కృతంతో చుట్టరికం ఉందా? ఇంటర్‌లో చదివిన సంస్కృతం అక్కడ పనికొస్తుందా?

మీరు అడిగినవి నిజానికి రెండు ప్రశ్నలు. ఖోసా చేరిన ఆఫ్రికా భాషల కుటుంబానికి ఉన్న ‘బాంటూ’ అన్న పేరు మన ‘బంధు’ శబ్దం నుంచి వచ్చిందనీ, కనుక దక్షిణాఫ్రికాలోని ఖోసా భాష సంస్కృతానికి దూరపు చుట్టమనీ ఒక వీడియోలో విన్నారు. అది నిజమా అన్నది మొదటిది. ఉద్యోగరీత్యా అక్కడి ఈస్టర్న్ కేప్ రాష్ట్రానికి వెళ్తున్నారు, ఇంటర్మీడియట్‌లో ద్వితీయ భాషగా సంస్కృతం చదివారు. ఆ చదువు ఖోసా నేర్చుకోవడానికి అక్కరకు వస్తుందా అన్నది రెండవది.

చుట్టరికం లేదు. చదువు అక్కరకు వస్తుంది, అయితే మాటల పోలిక వల్ల కాదు. సంధి, మహాప్రాణాలు, విశేషణ విశేష్యాల పొత్తు అనే మూడు అలవాట్ల వల్ల. నేను జూనియర్ కళాశాలలో సంస్కృతం చెప్పి, తరువాత మా వారి ఉద్యోగం వల్ల తొమ్మిదేళ్ళు ఈస్టర్న్ కేప్‌లో ఉన్నాను. అక్కడ ఖోసా నేర్చుకున్నది బడిలో కాదు, ఇరుగుపొరుగు దగ్గర. అందువల్ల కింద చెప్పేదాంట్లో పుస్తకం సగం, పెరటి గోడ సగం ఉంటాయి. ఖోసాలోని క్లిక్ శబ్దాలకు, అంటే నాలుకను ఆనించి ‘టక్’మని విడిచే చప్పుళ్ళకు, తెలుగులో అక్షరాలు లేవు కనుక ఉదాహరణలకు క్లిక్ లేని మాటలనే ఏరుకున్నాను. ఆ భాషలోని ‘త’ మన తకారానికీ టకారానికీ నడుమ పలుకుతుంది. నేను ‘త’ అనే రాస్తాను.

ముందు ‘బంధు’ సంగతి చూద్దాం. ఖోసాలో మనిషి అంటే ‘ఉమ్‌న్తు’, మనుషులు అంటే ‘అబంతు’. ఈ రెంటినీ పక్కపక్కన పెడితే ‘న్తు’ ఒక్కటే ధాతువు లాంటిదనీ, ‘ఉమ్’ ఏకవచనానికీ ‘అబ’ బహువచనానికీ ముందు తగిలే గుర్తులనీ కనిపిస్తుంది. అంటే ‘బంతు’లోని ‘బ’ ఆ మాటలో భాగమే కాదు. మన ‘మనుషులు’లోని ‘లు’ వంటిది, కాకపోతే ముందుంటుంది. ‘బంధు’లోని ‘బ’ను అలా తీసేయగలమా? అది ‘బంధ్’ అనే ధాతువు, కట్టడం అని అర్థం. కట్టు ఉన్నవాడు బంధువు. ఇంగ్లీషులో ‘బైండ్’ దాని అసలైన చుట్టం. పైగా ‘బాంటూ’ అన్నది ఆ జనం తమ భాషలకు పెట్టుకున్న పేరు కూడా కాదు. విల్హెల్మ్ బ్లీక్ అనే జర్మన్ పండితుడు కేప్ టౌన్‌లో ఉండి 1862లో దక్షిణాఫ్రికా భాషల తులనాత్మక వ్యాకరణం వెలువరించాడు. ఆ భాషలన్నింటిలోనూ మనుషులు అనే అర్థంలో ఈ మాట ఏదో ఒక రూపంలో ఉండడం చూసి, కుటుంబానికి ఆ పేరును వాడుకలోకి తెచ్చినవాడు ఆయనే. కంప్యూటర్ల వాళ్ళకు తెలిసిన ‘ఉబుంటు’ కూడా ఇదే ‘న్తు’. ముందు ‘ఉబు’ చేరితే మనిషితనం అవుతుంది.

ఇలాంటి మరో ఉచ్చు ‘తాత’. ఖోసాలో ‘ఉతాతా’ అంటే తండ్రి. సంస్కృతంలో ‘తాత’ అన్నా తండ్రే. తెలుగులో అది ఒక తరం పైకి జరిగింది. మూడు భాషలూ కలిశాయని సంబరపడకండి. చంటిపిల్లల నోట ముందుగా పలికే మ, త, ప, అ శబ్దాలతో అమ్మకూ నాన్నకూ పేర్లు ఏర్పడడం ప్రపంచమంతటా ఉంది, దాన్ని చుట్టరికానికి సాక్ష్యంగా ఏ కోర్టులోనూ తీసుకోరు.

మరి సాక్ష్యం అంటే ఏది? అంకెలు చూడండి. సంస్కృతంలో ‘త్రయః’, లాటిన్‌లో ‘ట్రేస్’, ఇంగ్లీషులో ‘థ్రీ’. ఖోసాలో మూడుకు ‘థాథు’, కెన్యా, టాంజానియాల స్వాహిలిలో ‘తాతు’. నాలుగుకు ఖోసాలోనూ స్వాహిలిలోనూ ‘నే’, సంస్కృతంలో ‘చతుర్’. ఖోసాలో అయిదు ‘హ్లాను’, స్వాహిలిలో ‘తానో’. ఇలా ఒక్కో శబ్దం ఒక భాషలో ఏదై, మరో భాషలో ఏదవుతుందో వందల మాటల్లో క్రమం తప్పకుండా చూపగలిగితేనే బంధుత్వం రుజువైనట్టు. ఆ పద్ధతి పుట్టడానికి సంస్కృతమే కారణం: 1786లో కలకత్తాలో విలియం జోన్స్ సంస్కృతాన్ని గ్రీకు, లాటిన్‌లతో పోలుస్తూ చేసిన ప్రసంగం, 1816లో జర్మన్ పండితుడు ఫ్రాన్జ్ బాప్ అదే పోలిక మీద రాసిన గ్రంథం. అదే 1816లో క్యాంబెల్ తెలుగు వ్యాకరణానికి రాసిన ముందుమాటలో మద్రాసులోని ఇంగ్లీషు అధికారి ఎల్లిస్ ఇదే తరహా పరిశీలనతో తెలుగు సంస్కృతం నుంచి పుట్టలేదని చూపాడు. 1899లో కార్ల్ మైన్‌హాఫ్ అనే జర్మన్ పండితుడు అదే పనిముట్టుతో బాంటూ భాషల మూలరూపాలను పునర్నిర్మించే పనికి పూనుకున్నాడు. అందువల్ల సంస్కృతానికీ ఖోసాకూ నిజమైన లంకె ఏదైనా ఉందంటే, ఒకదాన్ని చూసి నేర్చిన పద్ధతితో రెండోదాని వంశవృక్షాన్ని గీయడమే. వీడియో చేసినవారు ఆ పనిముట్టును పక్కన పెట్టి చెవితో తూచారు.

ఇక నన్ను మొదటిసారి ఆశ్చర్యపరచిన సంగతి సంధి. ఖోసాలో ‘న’ అంటే ‘తో’ లేదా ‘ఇంకా’. ‘ఇంజా’ అంటే కుక్క. న + ఇంజా = నేంజా. ‘ఉమామా’ అంటే అమ్మ. న + ఉమామా = నోమామా. న + అబంతు = నబంతు. దేవ + ఇంద్ర, చంద్ర + ఉదయ అని చదివినవారికి ఇక్కడ గుండె ఒక్క క్షణం ఆగుతుంది. అకారానికి ఇకారం పరమైతే ఏకారం, ఉకారం పరమైతే ఓకారం! పాణిని ‘ఆద్గుణః’ అన్నది అచ్చంగా ఇదే కదా. కాలేజీలో సగం తరగతి నిద్రపోతుండగా నేను ఏటా చెప్పిన గుణసంధిని, ఒక ముసలామె పెరట్లో గిన్నెలు తోముతూ వాక్యానికి రెండుసార్లు చేసి పారేస్తోంది.

దీనికి కారణం రక్తసంబంధం కాదు, నోరు. ‘అ’ పలికేటప్పుడు దవడ తెరుచుకుంటుంది; ‘ఇ’కి నాలుక ముందు భాగం, ‘ఉ’కి వెనక భాగం పైకి లేస్తాయి. రెంటినీ త్వరగా కలిపితే నాలుక నడిమి ఎత్తున ఆగుతుంది, అక్కడ పుట్టేవే ఏ, ఓలు. సంస్కృతంలోనూ అవి తొలినాళ్ళలో అఇ, అఉ అనే జంట అచ్చులే. తేడా కూడా గుర్తుంచుకోండి. సంస్కృతంలో సంధి వాక్యమంతా పాకుతుంది; ఖోసాలో ఈ కలయిక కొన్ని నిర్దిష్టమైన చోట్ల, ముఖ్యంగా ‘న’ వంటి చిన్నమాట నామవాచకానికి తగిలినప్పుడు జరుగుతుంది, మిగతాచోట్ల అచ్చు జారిపోవడమో నడుమ మరో హల్లు చేరడమో జరుగుతుంది. అన్నిచోట్లా గుణసంధి చేసుకుంటూ పోతే నవ్వులపాలవుతారు. చేసి చూశాను.

మహాప్రాణాల విషయంలో మీకు ఉన్న లాభం పెద్దది, ప్రమాదమూ ఉంది. ఖోసాలో ప, త, క లకూ ఒత్తు ఉన్న వాటికీ అర్థభేదం ఉంది. ‘థాందా’ అంటే ప్రేమించు; అక్కడికి వచ్చే యూరోపియన్లు దాన్ని ఇంగ్లీషు ‘థింక్’లోని శబ్దంతో మొదలుపెడతారు, మనం ‘కథ’లోని థకారంతో మొదలుపెడితే దాదాపు సరిపోతుంది. కానీ ‘కథ’ను ‘కధ’ అనే అలవాటు మనలో ఎందరికి ఉందో మీకు తెలుసు. మరో తంటా ‘ఫ’. తెలుగువాళ్ళం ‘ఫలం’ అన్నా ‘ఫోను’ అన్నా ఒకే రకంగా, పెదవి కొరికి పలుకుతాం. ఖోసాలో పకారానికి ఒత్తు ఇచ్చి పలికే ‘ఉకుఫా’ అంటే ఇవ్వడం; పెదవి కొరికి పలికే ‘ఉకుఫా’ అంటే చచ్చిపోవడం. తెలుగులో రాస్తే రెండూ ఒకటే! సంస్కృతం చెప్పిన మాస్టారు ‘ఫలమ్’లోని ఫకారాన్ని పెదవులు కలిపి, ఊపిరి వదిలి పలకమని మిమ్మల్ని విసిగించి ఉంటే, ఆయనకు మనసులోనే దండం పెట్టుకోండి. ఒత్తు లేని ప, త, క లను వాళ్ళు గొంతు బిగించి, చిన్న ‘టప్’ అన్నట్టు విడుస్తారు; ‘బ’ను గాలి లోపలికి లాగుతున్నట్టు అంటారు. ఇవి మన సంప్రదాయంలో లేవు, వినే నేర్చుకోవాలి.

క్లిక్‌లంటే భయపడకండి. ఉన్నవి మూడు రకాలు, మూడూ మన నోటికి వచ్చినవే, కాకపోతే మనం వాటిని మాటల్లో వాడం. జాలిపడినప్పుడు నాలుకను పళ్ళ వెనక ఆనించి ‘చ్చొ, చ్చొ’ అని లాగే శబ్దాన్ని వాళ్ళు రోమన్ లిపిలో ‘సీ’ అక్షరంతో రాస్తారు. ఎద్దులను అదిలించేటప్పుడు దవడ పక్క నుంచి తీసే శబ్దం ‘ఎక్స్’. పిల్లలు గుర్రపు డెక్కల చప్పుడు చేస్తూ నాలుకను అంగిటి నుంచి ‘టక్’మని విడిచేది ‘క్యూ’. కష్టమల్లా ఆ శబ్దాన్ని అచ్చుకు అతికించి, ఆగకుండా తరువాతి అక్షరానికి పోవడంలో ఉంది. ఈ మూడింటికీ ఒత్తు, నాదం, అనునాసికం చేరి 18 దాకా అవుతాయి. ‘ఖోసా’ అని మనం రాసుకునే పేరులో మొదటిది నిజానికి ఖకారం కాదు. ఎద్దులను అదిలించే ఆ క్లిక్‌కు మహాప్రాణ రూపం.

ఈ క్లిక్‌లు ఖోసా పుట్టుకతో తెచ్చుకున్నవి కావు. బాంటూ కుటుంబంలో అత్యధిక భాషలకు ఇవి లేవు. దక్షిణానికి వలస వచ్చిన ఖోసాల పూర్వికులు అక్కడ ముందునుంచీ ఉన్న ఖోయ్, సాన్ జనంతో కలిసి బతికి, వియ్యమంది, వాళ్ళ మాటలతో పాటు శబ్దాలనూ తీసుకున్నారు. భాషావేత్తలు చెప్పే కారణాల్లో ఒకటి నాకు బాగా దగ్గరగా అనిపించింది. పెళ్ళైన స్త్రీ మామగారి పేరునూ, ఆ పేరులోని అక్షరాలు వినిపించే ఇతర మాటలనూ పలకకూడదనే ‘హ్లోనిఫా’ అనే మర్యాద అక్కడ ఉంది. పలకకూడని మాట చోట మరో మాట కావాలి, పొరుగు భాష నుంచి తెచ్చుకున్న మాటలూ శబ్దాలూ అందుకు పనికివచ్చాయి. మొగుడి పేరు అడిగితే పక్కవాళ్ళ వైపు చూసే మా నాయనమ్మ ఈ సంగతి వింటే ఇందులో వింతేముంది అని ఉండేది.

సంస్కృతంలో దీనికి జోడీ ఉంది, మనకు అతి చేరువలో ఉంది. ట, డ, ణ వంటి మూర్ధన్యాలు సంస్కృతానికి చుట్టాలైన గ్రీకు, లాటిన్, పాత పారసీక భాషల్లో లేవు. ద్రావిడ భాషల్లో ఆదినుంచీ ఉన్నాయి. సంస్కృతం లోపలి ధ్వనిమార్పుల వల్లనే అవి పుట్టాయని వాదించేవారు ఉన్నా, ఇక్కడి భాషలతో సహవాసం వల్ల అవి వేళ్ళూనుకున్నాయని ఎమెనో వంటి పండితులు చెప్పారు, నేనూ ఆ పక్షమే. ఈ రెండు భాషలనూ ఎక్కడ పోల్చాలని నన్నడిగితే ఇక్కడే పోల్చమంటాను. ఒక్కసారి వినగానే గుర్తుపట్టించే శబ్దాలను రెండూ పొరుగువాళ్ళ ఇంటి నుంచే తెచ్చుకున్నాయి.

వ్యాకరణంలో అసలు పరీక్ష నామవర్గాలు. సంస్కృతంలో మూడు లింగాలుంటే ఖోసాలో ఏకవచన బహువచనాలను వేర్వేరుగా లెక్కపెట్టే పద్ధతిలో 15 వర్గాలు ఉంటాయి. ‘ఉమ్‌న్తు ఒమ్‌దాలా ఉయాహంబా’ అంటే ముసలి మనిషి వెళ్తున్నాడు. బహువచనంలో ‘అబంతు అబదాలా బయాహంబా’. కుక్కల గురించైతే ‘ఇజింజా ఎజిన్‌దాలా జియాహంబా’. నామవాచకం ముందున్న గుర్తు విశేషణానికీ క్రియకూ ప్రతిధ్వనిలా పాకుతుంది. తెలుగులో మంచి అబ్బాయి, మంచి అమ్మాయి, మంచి కుక్క అంటాం, ‘మంచి’ కదలదు. ‘సుందరః బాలః, సుందరీ బాలికా, సుందరం ఫలమ్’ అని వల్లెవేసిన నోటికి మాత్రం విశేషణం మారాలనే సంగతి ముందే ఒంటబట్టి ఉంటుంది. సంస్కృతం ఆ మార్పును మాట చివర చేస్తుంది, ఖోసా ముందు చేస్తుంది, అంతే.

నేను వెళ్ళిన మొదటి నెలలో పక్కింటి ఆవిడతో వాళ్ళ కుక్క రోడ్డెక్కిందని చెప్పబోయి ‘ఇంజా ఉయాహంబా’ అన్నాను. మనుషులకు వాడే గుర్తు కుక్కకు తగిలించాను; ‘ఇయాహంబా’ అనాలి. అయితే ప్యాంటు తొడుక్కునే వెళ్ళిందా అని ఆవిడ అడిగింది. సరే, మనుషులకు ‘ఉ’, కుక్కలకు ‘ఇ’ అని రాసిపెట్టుకున్నాను. వారం తిరగకుండానే అదే ఆవిడ తన భర్త గురించి ‘ఇందోదా ఇయాహంబా’ అంది! ‘ఇందోదా’ అంటే పురుషుడు, ఆ మాట కుక్క ఉన్న వర్గంలోనే ఉంది. బహువచనంలో ‘అమదోదా’ అయి మరో వర్గానికి పోతుంది. అప్పుడు నాకు భార్య గుర్తొచ్చింది, అంటే సంస్కృత శబ్దం. ‘భార్యా’ స్త్రీలింగం, ‘కలత్రమ్’ నపుంసకలింగం, ‘దారాః’ పుంలింగం, అదీ నిత్యబహువచనం, అర్థం ఒకటే. లింగమైనా వర్గమైనా మాటకు చెందినది, మనిషికి కాదు. ఇది ఒకసారి తలకెక్కితే ఖోసా వర్గాలతో తగవు పెట్టుకోరు, ప్రతి మాటనూ దాని బహువచనంతో జంటగా కంఠస్థం చేసేస్తారు. ‘రామః రామౌ రామాః’ అన్నట్టే, ద్వివచనం లేకుండా.

విభక్తుల బెడద లేదు. సంస్కృత నామానికి ఎనిమిది విభక్తులు, మూడు వచనాలు కలిసి 24 గళ్ళు. ఖోసాలో ‘లో, మీద, దగ్గర’ అనే అర్థానికి మాత్రం మాట రూపం మారుతుంది. ‘ఇంతాబా’ కొండ, ‘ఎంతాబేని’ కొండ మీద.

క్రియ దగ్గరకు వచ్చేసరికి సంస్కృతం కన్నా తెలుగే మీకు ఎక్కువ తోడొస్తుంది. ‘న్దియాకుథాందా’ అన్న ఒక్క మాటలో ‘న్ది’ నేను, ‘యా’ వర్తమానం, ‘కు’ నిన్ను, ‘థాందా’ ప్రేమించు. మన క్రియకు చివర ఉండే ‘ను’ అక్కడ మొదట ఉంది, రైలుకు ఇంజను అటువైపు తగిలించినట్టు. ‘ఫుందా’ చదువు, ‘ఫుందిసా’ చదివించు, అంటే నేర్పు. సంస్కృతంలో ‘పఠతి, పాఠయతి’ అని ధాతువు లోపలి అచ్చు కూడా మారుతుంది; ఖోసాలో, తెలుగులో పెట్టె పక్కన పెట్టె తగిలించినట్టే ఉంటుంది. ‘థెంగా’ కొను, ‘థెంగెలా’ ఒకరి కోసం కొను. ‘థాందానా’ అంటే ప్రేమించుకొను. సంస్కృతం దీనికి ‘పరస్పరమ్’ అనే వేరే మాట తెచ్చుకోవాలి. మరోవైపు జిజ్ఞాస, పిపాస, ముముక్షువు వంటి మాటల్లో సంస్కృతం కోరికను ధాతువులోనే ఇమిడ్చేస్తుంది. ఖోసా ‘ఫునా’ అనే విడి క్రియతో సరిపెట్టుకుంటుంది.

స్వరం గురించి ఒక హెచ్చరిక. ‘ఇథాంగా’ అనే మాటను గొంతు ఒక రకంగా హెచ్చించి తగ్గించి పలికితే గుమ్మడికాయ, మరో రకంగా పలికితే తొడ. రాతలో తేడా కనిపించదు. ‘ఇంద్రశత్రుః’ అనే మంత్రంలో స్వరం తప్పి, ఇంద్రుణ్ణి చంపేవాడు పుట్టాలని కోరబోతే ఇంద్రుడే చంపేవాడుగా పరిణమించిన వృత్రుడి కథ మీ మాస్టారు చెప్పే ఉంటారు. లౌకిక సంస్కృతం ఆ స్వరాన్ని వదిలేసింది, వేదపాఠంలో మాత్రం మిగిలింది. ఖోసాలో అది బజారులోనూ ఉంది. కూరగాయల కొట్టు దగ్గర తప్పు పలికినా సందర్భాన్ని బట్టి వాళ్ళు గుమ్మడికాయే ఇస్తారు, కంగారు వద్దు.

బజారు అన్నాను కనుక ఒక మాట. 2011 జనగణనల్లో దక్షిణాఫ్రికాలో ఖోసాను ఇంటి భాషగా చెప్పినవారు 81 లక్షలకు పైగా. మన దేశంలో సంస్కృతాన్ని మాతృభాషగా నమోదు చేసుకున్నవారు 24,821 మంది. సంస్కృతాన్ని పుస్తకం ముందు కూర్చుని నేర్చాం. ఖోసాకు రోమన్ లిపిలో అచ్చు మొదలైందే 1823 ప్రాంతంలో, మిషనరీల చేతుల్లో. అంతకు ముందూ ఆ తరువాతా దాని సంపద ‘ఇంబోంగీ’ అనే స్తుతికవుల నోట, పెద్దవాళ్ళు రాత్రిపూట చెప్పే కథల్లో ఉంది. అక్కడ ట్యాక్సీ అని పిలిచే పదిహేను మంది పట్టే వ్యానులో అరగంట ప్రయాణం చేస్తే ఒక పాఠం పూర్తయినట్టు. మొదటి ఆరు నెలలూ వ్యాకరణ పుస్తకం మూసిపెట్టి చెవులు తెరవండి. ఆ తరువాత పుస్తకం తెరిస్తే, చదివిన సంస్కృతం అప్పుడు పనిచేస్తుంది.

ఈ రెండు భాషలూ ఒకే కాగితం మీద కనిపించే చోటు కూడా ఉంది. 1996 నాటి దక్షిణాఫ్రికా రాజ్యాంగం ఆరవ సెక్షన్‌లో ఖోసా అధికార భాషల్లో ఒకటి; అదే సెక్షన్ చివర, మతపరంగా వాడే భాషలుగా అరబ్బీ, హీబ్రూల పక్కన సంస్కృతాన్ని కూడా గౌరవించాలని రాసి ఉంది. అక్కడి జనసమూహాలు వాడే భాషల వరుసలో తెలుగు పేరూ ఉంది, ఇంగ్లీషు ప్రతిలో ‘తెలెగు’ అని అచ్చయి. 1860లో మద్రాసు నుంచి డర్బన్ చేరిన తొలి ఓడ తరువాత చెరకు తోటలకు వెళ్ళినవారి పుణ్యం అది. మీరు వెళ్ళేది ఆ వైపు కాదు కనుక ఈస్టర్న్ కేప్‌లో తెలుగు వినపడుతుందని ఎక్కువ ఆశ పెట్టుకోకండి.

దిగగానే కావలసిన మాట ఒకటి చెబుతాను. ఒక్కరు ఎదురైతే ‘మోలో’, ఇద్దరూ అంతకు మించీ ఉంటే ‘మోల్వేని’. ‘నమస్తే’లోని ‘తే’ ఒక్కరికే చెల్లుతుందని గుర్తున్నవారికి ఇది కొత్త కాదు. వయసులో పెద్దవారికి దాని పక్కన ‘తాతా’ అనో ‘మామా’ అనో చేర్చాలి. మొదట్లో నలభై ఏళ్ళ మనిషిని ‘తాతా’ అనడానికి, ఆడమనిషిని ‘మామా’ అనడానికి నోరు రాదు. నాకు మూడు వారాలు పట్టింది.